లాగాన్ స్క్రిప్టు, నెట్‌వర్క్ డ్రైవులు: టెర్మినల్ సర్వర్‌పై ఒక పాఠం

బి.సి.ఎ., బి.కాం. కంప్యూటర్స్, డిప్లొమా చదువుతున్న మన విద్యార్థులకు తొలి ఉద్యోగంగా ఒక ఆఫీసు నెట్‌వర్క్‌ను చూసుకునే పని దొరకవచ్చు. అక్కడ మొదటి వారంలోనే వినిపించే మాట ఒకటి ఉంది: "సార్, నా హెచ్ డ్రైవ్ కనబడటం లేదు." దీనికి జవాబు తెలిసినవారికి ఆఫీసులో గౌరవం దానంతట అదే వస్తుంది. ఈ పాఠం అందుకోసమే. తల్లిదండ్రులు కూడా ఒకసారి చదివితే, పిల్లలు చేయబోయే పని ఎంత బాధ్యతతో కూడినదో తెలుస్తుంది.

టెర్మినల్ సర్వర్ అంటే ఏమిటి?

మామూలుగా ఒక కంప్యూటర్ మీద ఒకరు పని చేస్తారు. టెర్మినల్ సర్వర్ మీద మాత్రం అనేకమంది ఎవరి బల్ల దగ్గర వారు కూర్చుని, ఒకే పెద్ద కంప్యూటర్‌లో ఒకేసారి పని చేస్తారు. మైక్రోసాఫ్ట్ 1998లో విండోస్ ఎన్‌టీ 4.0కు దీన్ని ప్రత్యేక సంచికగా తెచ్చింది. విండోస్ సర్వర్ 2008 ఆర్2 నుంచి దీని పేరు రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్. పేరు మారినా పాత పేరే ఇంకా చాలామంది నోట ఉంది.

డ్రైవ్ అక్షరం ఒక గుర్తు మాత్రమే

ఫైళ్లు నిజంగా ఉండేది వేరే ఫైల్ సర్వర్‌లో. అక్కడి ఫోల్డర్‌కు మన తెరపై హెచ్ అనో, ఎస్ అనో ఒక అక్షరం తగిలించడమే మ్యాపింగ్. ఈ అక్షరం ఎవరి సెషన్‌కు వారిది. ఒకే సర్వర్‌పై ముప్పైమంది ఉన్నా, ఒకరి హెచ్ ఖాతాల ఫోల్డర్‌కు, ఇంకొకరి హెచ్ జీతాల ఫోల్డర్‌కు దారి తీయవచ్చు. బ్యాంకులో ప్రతి కౌంటర్ దగ్గరా 7వ నంబరు టోకెన్ ఉందనుకోండి, కానీ ఒక్కో కౌంటర్‌లో దాన్ని పట్టుకున్న ఖాతాదారుడు వేరు. ఇదీ అంతే.

లాగాన్ స్క్రిప్టు చేసే పని

వాడుకరి లోపలికి రాగానే తనంతట తాను నడిచే చిన్న ఆదేశాల ఫైలే లాగాన్ స్క్రిప్టు. దీన్ని డొమైన్ కంట్రోలర్‌లోని నెట్‌లాగాన్ అనే షేర్‌లో ఉంచడం పాత పద్ధతి. ముఖ్యమైన వరుసలు రెండే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గాని, కీబోర్డుపై ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి.

నెట్ యూజ్ హెచ్: /డిలీట్ /వై
నెట్ యూజ్ హెచ్: \\ఫైల్‌సర్వర్\ఖాతాలు /పర్సిస్టెంట్:నో

మొదటి వరుస పాత గుర్తును తీసేస్తుంది, రెండోది కొత్తది పెడుతుంది. తీయకుండా పెట్టబోతే, ఆ అక్షరం ఇప్పటికే వాడుకలో ఉందంటూ 85వ నంబరు తప్పు చూపిస్తుంది. తీయడానికి ఏమీ లేకపోతే మొదటి వరుస కూడా ఒక తప్పు చూపుతుంది, దానివల్ల నష్టం లేదు. చివర ఉన్న "పర్సిస్టెంట్:నో" ఎంతో ముఖ్యం. అది లేకుంటే మ్యాపింగ్ వాడుకరి ప్రొఫైల్‌లో నమోదై ఉండిపోవచ్చు. ఆ ప్రొఫైల్ పీసీకి, సర్వర్‌కు మధ్య తిరిగేదైతే, ఒక చోటి పాత గుర్తు ఇంకో చోట అడ్డుపడుతుంది.

టెర్మినల్ సర్వర్‌పై ప్రత్యేక జాగ్రత్తలు

1. ఒకే వ్యక్తి పీసీలోనూ, సర్వర్‌లోనూ లాగాన్ అవుతారు గనుక స్క్రిప్టు రెండు చోట్లా నడుస్తుంది. తాను ఎక్కడ నడుస్తున్నదో కంప్యూటర్‌నేమ్ అనే చరరాశిని చూసి స్క్రిప్టు తేల్చుకోవాలి. పీసీ కోసం రాసిన సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలేషన్ వంటి పనులు సర్వర్‌పై నడవకూడదు. నలభైమంది లాగాన్ అయితే నలభై సార్లు నడిచి అందరి పనీ మందగిస్తుంది.

2. గ్రూప్ పాలసీ వాడితే లూప్‌బ్యాక్ అనే ఏర్పాటు ఉంది. దానితో, ఎవరు వచ్చినా, ఆ సర్వర్‌కు కేటాయించిన వాడుకరి పాలసీలు వర్తిస్తాయి. మెర్జ్ పద్ధతిలో అవి వారి సొంత పాలసీలతో కలుస్తాయి, రీప్లేస్ పద్ధతిలో వాటి స్థానంలోకి వస్తాయి.

3. విండోస్ సర్వర్ 2012 ఆర్2 నుంచి, పాలసీ ద్వారా నడిచే లాగాన్ స్క్రిప్టులు మామూలుగా అయిదు నిమిషాలు ఆగి మొదలవుతాయి. "డ్రైవ్ ఆలస్యంగా వస్తోంది" అనే ఫిర్యాదుకు ఇది ఒక కారణం. కాన్ఫిగర్ లాగాన్ స్క్రిప్ట్ డిలే అనే పాలసీలో సున్నా పెడితే ఆలస్యం ఉండదు.

4. స్క్రిప్టు పూర్తయ్యేదాకా డెస్క్‌టాప్‌ను ఆపే పాలసీ కూడా ఉంది. డ్రైవ్ దొరకకముందే అకౌంట్స్ ప్రోగ్రాం తెరుచుకోకుండా అది కాపాడుతుంది. అయితే ఫైల్ సర్వర్ పలకని రోజున వచ్చినవారంతా ఖాళీ తెర ముందు ఎదురుచూడాల్సి వస్తుంది. లాభం, నష్టం రెండూ చూసి నిర్ణయించండి.

దారి చూపడం వేరు, తాళం వేయడం వేరు

ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకోదలిస్తే ఇది గుర్తుంచుకోండి. లాకరు గదికి దారి చూపే బాణం గుర్తును చెరిపేసినంత మాత్రాన గదికి తాళం పడదు. జీతాల ఫోల్డర్‌కు మ్యాపింగ్ ఇవ్వకపోయినా, అనుమతులు సరిగా పెట్టకపోతే, దాని చిరునామా తెలిసిన ఎవరైనా తెరవగలరు. షేర్ పేరు చివర డాలర్ గుర్తు పెడితే జాబితాలో కనబడదు, అంతే. కాపలా కాసేది ఫోల్డర్‌పై ఉండే అనుమతులే.

అలాగే స్క్రిప్టులో పాస్‌వర్డ్ ఎప్పుడూ రాయకండి. నెట్‌లాగాన్‌లోని ఫైలును డొమైన్‌లో లాగాన్ అయిన ప్రతివారూ చదవగలరు. గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్‌లో డ్రైవ్ మ్యాప్స్ వచ్చాక, అందులో దాచే పాస్‌వర్డ్ సంకేతరూపంలో ఉంటుందని చాలామంది ధైర్యపడ్డారు. కాని ఆ సంకేతాన్ని విప్పే తాళంచెవిని మైక్రోసాఫ్ట్ స్వయంగా తన సాంకేతిక పత్రాల్లో ప్రచురించి ఉంది. చివరకు 2014 మే నెలలో ఒక భద్రతా సవరణతో అక్కడ పాస్‌వర్డ్ పెట్టే వీలునే తొలగించింది. ముందే పెట్టి ఉన్నవి మాత్రం వాటంతట అవి పోలేదు, నిర్వాహకులు వెతికి తీయాల్సి వచ్చింది.

నేడు ఏ పద్ధతి నేర్చుకోవాలి?

కొత్త ఏర్పాట్లకు డ్రైవ్ మ్యాప్స్ మేలు. ఏ గ్రూపువారికి ఏ డ్రైవ్ అన్నది స్క్రిప్టు రాయకుండానే ఎంచుకోవచ్చు. అయినా పాత ఆఫీసుల్లో బ్యాచ్ ఫైళ్లు కనిపిస్తూనే ఉంటాయి గనుక రెండూ నేర్చుకోండి. విండోస్ సర్వర్ పరీక్షా సంచిక 180 రోజులు ఉచితం. తగినంత మెమరీ ఉన్న ఒక్క కంప్యూటర్‌లో వర్చువల్ యంత్రాలు పెట్టుకుని ఇంట్లోనే సాధన చేయవచ్చు. మార్పు ఏదైనా ముందు ఒక పరీక్షా వాడుకరిపై చూసి, ఆ తరువాతే అందరికీ పెట్టండి. ఒక్క వరుస తప్పితే ఒకరి పని కాదు, ఆ ఉదయం ఆఫీసు మొత్తం ఆగుతుంది.

అభ్యాస ప్రశ్నలు

1. ఇద్దరు వాడుకరులకు ఒకే సర్వర్‌పై హెచ్ డ్రైవ్ వేర్వేరు ఫోల్డర్లుగా ఎలా ఉండగలదు?
2. "పర్సిస్టెంట్:నో" రాయకపోతే వచ్చే ఇబ్బంది ఏమిటి?
3. మ్యాపింగ్ తీసేసినా ఒక ఉద్యోగి జీతాల ఫోల్డర్‌ను తెరిచాడు. లోపం ఎక్కడ ఉంది? మీరు ఏం సరిచేస్తారు?