పోపుకి అరవని అలారం

అమ్మడూ,

ఇల్లు కొన్నావని తెలిసి మీ పెదనాన్న, నేను ఎంత సంతోషించామో. గృహప్రవేశం ఫొటోల్లో హాలు సీలింగ్‌కి పసుపు పచ్చబడిన స్మోక్ అలారం కనిపించింది. దాన్ని దింపి వెనక తయారీ తేదీ చూడు. పదేళ్లు దాటితే బటన్ నొక్కినప్పుడు మోగినా సరే, మార్చెయ్యాలి. మోత బాగున్నంత మాత్రాన లోపలి సెన్సర్ పొగని సరిగ్గా పసిగడుతుందని కాదు.

కొత్తవి 'ఫొటోఎలక్ట్రిక్' రకం తీసుకో. అయనైజేషన్ రకం భగ్గున లేచే మంటకి కాస్త ముందు మోగే మాట నిజమే. కానీ సోఫాలోనో పరుపులోనో నిప్పు కనపడకుండా రగులుతూ ఉంటుందే, నిద్రలో ఉన్నవాళ్లకి ఊపిరాడకుండా చేసే ఆ పొగని ఫొటోఎలక్ట్రిక్కే ముందు పసిగడుతుంది. పైగా అయనైజేషన్ రకానికి మన వంట అసలు పడదు. ఎండుమిర్చి వేగిందంటే చాలు, మోత. విసిగిపోయి ఎవరో ఒకరు కుర్చీ ఎక్కి బ్యాటరీ పీకేస్తారు. మనవాళ్ల ఇళ్లలో అలా నోరు నొక్కేసిన అలారాలు చూసినప్పుడల్లా నాకు గుండె దడే. అందుకే చెబుతున్నా, పీకెయ్యాలనిపించనిదే కొనుక్కో. యూఎల్ 217 అనే భద్రతా ప్రమాణం ఎనిమిదో ఎడిషన్ ప్రకారం చేసినవైతే ఇంకా మంచిది; వంట పొగకి ఊరికే మోగకూడదన్న పరీక్ష అందులో ఉంది. స్టవ్‌కి పదడుగుల దూరం మాత్రం తప్పకుండా ఉంచు.

ప్రతి పడకగదిలో ఒకటి, ఆ గదుల బయట ఒకటి, బేస్‌మెంట్‌తో సహా ప్రతి అంతస్తులో ఒకటి ఉండాలి. అన్నీ ఒకదానికొకటి కలిసి ఉండాలి, కింద పొగొస్తే పైన నీ మంచం దగ్గరా మోగాలి.

మీ అత్తయ్యగారు వస్తే ఉండేది కింది గదిలోనేగా? ఆవిడకి సన్నని కీచు శబ్దం వినపడదు. ఆ గదికి 520 హెర్ట్జ్ బొంగురు గొంతుది పెట్టు. చెవులు మందగించినవాళ్లని అదే బాగా లేపుతుంది.

ఇక గ్యారేజీలో పొయ్యి పెడతానన్నావు, చేపల పులుసు వాసన ఇంట్లోకి రాకుండా. కొలంబస్ చలికి తలుపు మూసేసి వండుతావేమోనని నా భయం. గ్యాస్ సరిగ్గా మండకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా ఉండదు, రంగూ ఉండదు. పొగ అలారం దాన్ని పట్టలేదు, దానికి వేరే అలారం కావాలి. గ్యాస్ ఫర్నేస్ ఉన్న ఇల్లు కాబట్టి ఎలాగూ కొనాల్సిందే. అది పడకగదుల దగ్గర బిగించేవరకూ ఆ పొయ్యి వెలిగించకు, బిగించాక కూడా గ్యారేజీ తలుపు మూసి వండకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ