ఛాయాచిత్ర నాణ్యత: ఫైన్, నార్మల్, రా

డిజిటల్ కెమెరా ఉన్న ఇళ్ళలో చాలామంది తెరవకుండా వదిలివేసే మెనూ ఒకటున్నది. దాని పేరు ‘ఇమేజ్ క్వాలిటీ’. అందులో ఫైన్, నార్మల్, బేసిక్, రా అనే మాటలు, వాటి పక్కనే లార్జ్, మీడియం, స్మాల్ అనే మాటలు కనిపిస్తాయి. కార్డులో ఎక్కువ ఫోటోలు పడతాయన్న ఆశతో కొందరు అన్నిటికన్నా చిన్నదాన్నీ, ఎందుకైనా మంచిదని మరికొందరు అన్నిటికన్నా పెద్దదాన్నీ ఎంచుకుంటారు. వీటి వెనుకనున్న శాస్త్రం కొంత తెలిస్తే ఈ ఎంపిక సులువవుతుంది.

లార్జ్, మీడియం, స్మాల్ అనేవి చిత్రంలో ఎన్ని చుక్కలు, అనగా పిక్సెళ్ళు, ఉండాలో నిర్ణయిస్తాయి. ఫైన్, నార్మల్, బేసిక్ అనేవి ఆ చుక్కల సమాచారాన్ని ఎంత గట్టిగా కుదించాలో నిర్ణయిస్తాయి. 24 మెగాపిక్సెళ్ళ కెమెరా లార్జ్‌లో 6000 అడ్డం, 4000 నిలువు చుక్కలను నమోదు చేస్తుంది. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు ఒక్కొక్క బైటు చొప్పున లెక్కిస్తే మొత్తం 72 మెగాబైట్లు కావాలి. కాని ఫైన్‌లో తీసిన ఫైలు సాధారణంగా అందులో ఐదవ వంతు కూడా ఉండదు. మిగిలినది ఏమైనట్లు?

ఇక్కడ మన దక్షిణ దేశం వారి ప్రస్తావన వస్తుంది. బెంగుళూరులో జన్మించిన నసీర్ అహ్మద్ 1972లో అమెరికాలోని కాన్సస్ స్టేట్ యూనివర్శిటీలో పనిచేస్తూ ‘డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్’ అనే గణిత ప్రక్రియపై పరిశోధనకు ఆర్థిక సహాయం కోరగా, నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిరాకరించింది. అయినా ఆయన తన విద్యార్థి టి. నటరాజన్‌తోనూ, మిత్రులు కామిశెట్టి రామమోహనరావు గారితోనూ కలిసి 1974 జనవరిలో ఆ ప్రక్రియను ప్రకటించారు. రావుగారు మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో దీర్ఘకాలం ఆచార్యులుగా ఉన్నారు. ఆ ఇంటిపేరు వినగానే తెలుగువారికి ఒక ఆత్మీయత కలగక మానదు. 1992లో రూపొందిన జేపెగ్ ప్రమాణానికి ఆ ముగ్గురి వ్యాసమే పునాది.

జేపెగ్ చిత్రాన్ని ఎనిమిదేసి చుక్కల చదరపు గళ్ళుగా విభజిస్తుంది. ప్రతి గడిలోని 64 చుక్కలను 64 సంఖ్యలుగా మారుస్తుంది. మొదటిది ఆ గడి సగటు వెలుగు. తరువాతివి నెమ్మదిగా మారే ఛాయల నుండి చకచకా మారే సూక్ష్మ వివరాల వరకు క్రమంగా ఉంటాయి. పట్టుచీరను ఊహించుకోండి. ఏకరంగులో ఉన్న చీర నడుమ భాగానికి రెండు మూడు సంఖ్యలు చాలు. జరీ అంచుకు మాత్రం దాదాపు అన్నీ కావాలి. మన కన్ను అంతగా పట్టించుకోని సూక్ష్మ వివరాలను కెమెరా సున్నాలుగా మార్చి పారవేస్తుంది. ఫైన్‌లో పారవేసేది కొద్ది. బేసిక్‌లో చాలా ఎక్కువ. ఒక్కొక్క మెట్టు దిగేకొద్దీ ఫైలు దాదాపు సగమవుతుంది. పోయినది మరల రాదు. పైగా కన్ను వెలుగును గుర్తించినంత నిశితంగా రంగును గుర్తించదు గనుక, చాలా కెమెరాలు రంగు వివరాలను అడ్డంగా రెండు చుక్కలకు ఒకటి చొప్పునే దాచుతాయి. ఎర్రచీర మీది సన్నని జరీ గీతలు ఒక్కోసారి అలికినట్లు కనపడటానికి ఇదొక కారణం.

‘రా’ సంగతి వేరు. అది సెన్సారు చూసినదాన్ని వండకుండా అలాగే దాచుతుంది. జేపెగ్ ఒక్కొక్క రంగుకు 256 మెట్లే ఇస్తే, 14 బిట్ల ‘రా’లో 16,384 మెట్లుంటాయి. ఆస్ట్రేలియా మధ్యాహ్నపు ఎండలో యూకలిప్టస్ నీడన తెల్లపంచెతో నిలబడ్డ మనిషిని తీసినప్పుడు, పంచె మడతలు, ముఖంలోని కళ రెండూ దక్కాలంటే ఈ మెట్లు అవసరం. రంగుదీపాల వేదికపై అరంగేట్రానికీ, ఉలూరు సూర్యాస్తమయానికీ ‘రా’యే తగినది. అయితే దానిని ఇంటికి వచ్చి కంప్యూటరులో వండుకోవాలి. ఆ తీరిక లేనివారు ‘రా’తో పాటు జేపెగ్ కూడా నమోదయ్యే అమరిక పెట్టుకోవచ్చు.

నిత్యోపయోగానికి నా సలహా లార్జ్, ఫైన్. ఆల్బమ్‌లో పెట్టే ఆరు, నాలుగు అంగుళాల ప్రతికి అంగుళానికి 300 చుక్కల చొప్పున 1800, 1200 చాలునన్నది నిజమే. ఆ లెక్కన స్మాల్ కూడా సరిపోతుంది. కాని అన్ని ఫోటోల భవిష్యత్తు ఆల్బమ్ కాదు. స్వదేశం నుండి మనుమల్ని చూడవచ్చి కొద్ది నెలలుండి వెళ్ళిన తల్లిదండ్రుల చిత్రాలను గుర్తుచేసుకోండి. ఆపెరా హౌస్ ఎదుట ఇరవైమందితో తీసిన చిత్రంలో అమ్మ ముఖం వెడల్పు ముప్పయ్యవ వంతు అనుకుంటే, లార్జ్‌లో దానికి దక్కేవి 200 చుక్కలు. సగం కొలత గల స్మాల్‌లో 100. ఏ నాడో ఆ ముఖాన్ని గోడమీది పటంగా పెంచి దండ వేయవలసి వచ్చినప్పుడు ఈ రెండూ చాలవు. అందుచేత వారు ఇక్కడ ఉండగానే, కిటికీ పక్క మెత్తని వెలుతురులో కూర్చోబెట్టి, ముఖం నిండుగా పడేటట్లు విడిగా ఒక చిత్రం తీసుకోవాలి. ఆ ఒక్కదానికి ‘రా’ కూడా వాడవచ్చు.

తీసిన తరువాత జరిగే నష్టం కూడా తక్కువది కాదు. జేపెగ్ ఫైలును దిద్ది మరల మరల దాచిన ప్రతిసారీ కుదింపు కొత్తగా జరుగుతుంది. మూలప్రతిని ముట్టకుండా నకలు మీదనే దిద్దాలి. వాట్సాప్ మామూలు పద్ధతిలో చాలాకాలం పొడవు వైపు 1600 చుక్కలకు తగ్గించి పంపేది. అంటే స్పష్టంగా అచ్చయ్యేది అయిదున్నర అంగుళాల లోపే. ఈ సంచిక వంటి ఏ4 పుట నిండుగా వేయాలంటే 3508 చుక్కలు కావాలి. కనుక బంధువులకైనా, సావనీరుకైనా చిత్రాన్ని ‘డాక్యుమెంట్’ రూపంలో పంపితే మూలఫైలు యథాతథంగా చేరుతుంది.