కుక్కపిల్ల వచ్చేలోపు

టెక్కలి

మేనకోడలికి,

పిల్లలు కుక్కపిల్ల కోసం పట్టుబట్టారనీ, అల్లుడు కూడా సరేనన్నాడనీ ఫోన్లో చెప్పావు. సంతోషం. పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం చేసి రిటైరైన వాణ్ణి కదా, కొన్ని సంగతులు రాసి పెడితేనే నాకు తృప్తి.

ఏ జాతి పిల్లని తేవాలన్నది తర్వాత. అది ఎవరి పూచీ అన్నది ముందు తేలాలి. మన ఉద్దానం ప్రాంతంలో జీడితోట కాపుకొచ్చే వేళకి కాపలా అని కుక్కపిల్లని తెస్తారు. కాపు దిగాక ఇంటిల్లిపాదీ హైదరాబాదుకో విశాఖకో పనికి పోతారు. ఇంటికి తాళం పడుతుంది, కుక్క వీధిన పడుతుంది. ఆకలికి తిరిగి తిరిగి ఎవరినైనా కరిస్తే ఊరంతా దాన్నే తిడుతుంది. తాళం వేసి పోయినవాణ్ణి ఎవరూ అడగరు. అల్లుడు ఏడాదిలో సగం పైగా ఓడ మీదే ఉంటాడు. నువ్వు పుట్టింటికొస్తే దానికి ముద్ద పెట్టేదెవరు? పిల్లలు "మేం చూసుకుంటాం" అంటారు, నిజంగానే అంటారు. గిన్నెలో నీళ్ళు పోయడం వాళ్ళకి అప్పగించు, పూచీ మాత్రం పెద్దవాళ్ళదే. కుక్క పది పన్నెండేళ్ళు బతుకుతుంది. అప్పటికి నీ పిల్లలు చదువులకని ఊరు దాటి ఉంటారు.

ఒంటినిండా జూలున్న హస్కీలాంటివి వద్దు. మన సముద్రపుటొడ్డు ఉక్కకి అవి వగరుస్తూనే ఉంటాయి. ఊళ్ళో ఈనిన నాటుకుక్క పిల్ల చాలు. కానీ రెండు నెలలు నిండందే తల్లి దగ్గర్నుంచి తేకు. తోడబుట్టినవాటితో ఆడుతూ ఒకటి గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని ఆట మానేస్తుంది. నోరు ఎంత మెత్తగా వేయాలో దానికి తెలిసేది అక్కడే. ముందే విడదీసిన పిల్ల నీ పిల్లల చేతుల మీద ఆ చదువు చదువుతుంది.

ఇక ఇల్లు. మీ పెరట్లో జీడి పిక్కల తొక్కలు పొయ్యిలోకని కుప్పపోసి ఉంటాయి కదా, ముందు వాటి సంగతి చూడు. ఆ తొక్కలో నూనె తగిలితే మనిషి చేతులే పొక్కుతాయి, పిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు నువ్వు చూడనివా? పళ్ళొచ్చే వయసులో పిల్ల దొరికిందల్లా కొరుకుతుంది. నోరు పొక్కి, చొంగ కారుస్తూ, నీళ్ళు కూడా తాగలేక మూల నక్కిన కుక్కపిల్లల్ని ఆసుపత్రిలో చూశాను. తొక్కలు మూతున్న డ్రమ్ములో పోయించు. ఉప్పుచేపల గంప, ఎలుకల మందు, చాక్లెట్లు అందనంత ఎత్తున ఉండాలి. కూరలో ఉడికిన కోడి ఎముక పెట్టకండి, అది చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది. ఉల్లిపాయ కలిసిన అన్నమూ వద్దు.

మీ అత్తగారు డయాలసిస్‌కి పలాస వెళ్తున్నారు కాబట్టి ఈ మాట శ్రద్ధగా చదువు. లెప్టోస్పైరోసిస్ అని ఒక జబ్బుంది. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల కుక్కకి వస్తుంది, కుక్క మూత్రం నుంచి మనిషికీ సోకుతుంది. ఇద్దరికీ మూత్రపిండాల మీద దెబ్బ పడుతుంది. మన ఉద్దానంలో ఎందరికో వస్తున్న కిడ్నీ జబ్బుకి ఇదే కారణమని నేననడం లేదు, ఆమె ఒంట్లో ఇంకో దెబ్బకి చోటు లేదంటున్నాను. పిల్లని ఆమె మంచం దగ్గర పడుకోబెట్టకండి. మూత్రం కడిగే పని ఆమెకి పెట్టకండి. టీకా వేయించేటప్పుడు దీనికి కూడా కలిసిన టీకా అడుగు. ఆమె మందుల సంచి పైన తగిలించు. కుక్క కుంటుతోందని మన నొప్పి బిళ్ళ విరిచి పెట్టేవాళ్ళున్నారు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కుక్క కడుపునీ మూత్రపిండాలనీ పాడుచేస్తాయి.

మీ వాకిట్లో ఇదివరకు ఏ కుక్కపిల్లయినా నెత్తురు విరేచనాలతో చచ్చిపోయిందేమో కనుక్కో. అది పార్వో జబ్బు అయి ఉంటే ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి ఉంటుంది. అలాంటి చోటికి టీకాలు పూర్తికాని పిల్లని తేకూడదు. పార్వో టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. మూడు నెలలకి రేబిస్ టీకా. 1885 జూలై 6న శాస్త్రవేత్త పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి ఆ టీకా వేయించాడు. ఏటా అదే రోజున మన పశువుల ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు.

పిల్లలకి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పంటి గాటు పడినా, గోరు గీరినా దాచకూడదు. "చెబితే కుక్కని పంపేస్తారు" అన్న భయంతోనే పిల్లలు దాస్తారు. పంపేయబోమని ముందే మాటివ్వు. వెంటనే సబ్బుతో ధార కింద పావుగంట కడిగి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళు. ఇంటి కుక్కే కదా అని ఊరుకోకు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతకడం అన్నది దాదాపు లేదు.

రాత్రిపూట తోటలోకి వదలకండి. 2022 జూన్‌లో మీ వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగుబంటి మనిషిని చంపిన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పనసపండు వాసనకి ఎలుగుబంటి వస్తుంది, కుక్క మొరుగుతూ దాని మీదికి పోతుంది, అది తరుముతుంటే కుక్క తిరిగి మీ గుమ్మంలోకే పరిగెత్తుకొస్తుంది.

చివరగా తుఫాను. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మన తీరం దాటినప్పుడు కొబ్బరిచెట్లు ఎలా పడ్డాయో నీకు గుర్తుంది. ఆ గాలిలో గుంజకి కట్టేసి ఉన్న కుక్క ఎటు పోగలదు? హెచ్చరిక రాగానే దాన్ని వెంట తీసుకెళ్ళండి. వీలు కాకపోతే తాడు విప్పి వెళ్ళండి, అంతేగాని కట్టేసి మాత్రం వదిలిపోకండి.

మీ మావయ్య