కీబోర్డులో లైటు మార్చాలంటే ప్రతిసారీ టంకమేనా?

మెకానికల్ కీబోర్డు ఇప్పుడు చిన్న సర్వీసు షాపుల బల్ల మీదికీ వస్తోంది. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్లు, రాత్రి షిఫ్టుల వాళ్లు వేలు పోసి కొంటారు. కొన్నేళ్లకు నీలం లైట్లలో రెండు మూడు ఆరిపోతాయి, ఇంకొన్ని వెలవెలబోతాయి. స్విచ్చి మాత్రం రాయిలా ఉంటుంది. జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ తన ఎంఎక్స్ స్విచ్చిల్లో ప్రధాన రకాలు 10 కోట్ల నొక్కుళ్లను తట్టుకుంటాయని చెబుతోంది. లైటు అంతకాలం ఒకే వెలుగుతో ఉండదు.

చిక్కు దాని అమరికలోనే ఉంది. స్విచ్చి కింద వెలిగే అతిచిన్న ఎస్‌ఎండీ లైట్ల సంగతి వేరు. కాళ్లున్న ఎల్‌ఈడీ తల స్విచ్చి పైమూత మీద కూర్చుంటుంది. కాళ్లు స్విచ్చి లోంచి కిందికి దిగి బోర్డుకు టంకంతో అతుక్కుంటాయి. అందుకే లైటు మార్చాలన్నా టంకం తీయాలి, స్విచ్చి మూత విప్పి స్ప్రింగుకు నూనె రాయాలన్నా ముందు లైటు టంకం తీయాలి. మళ్లీ మళ్లీ వేడి తగిలితే బోర్డు మీది రాగి ప్యాడ్ లేచిపోతుంది. దీనికి మందు, ఎల్‌ఈడీ కాళ్లను బోర్డుకు అతికించకుండా చిన్న సాకెట్లు అతికించి, లైటును అందులో గుచ్చడం. ఆ తర్వాత రంగు మార్చాలంటే ట్వీజర్ చాలు.

ఈ పని ఒప్పుకునే ముందు బోర్డు చూడండి. స్విచ్చిలు ఊడదీసి పెట్టుకునే హాట్‌స్వాప్ బోర్డుల్లో సాధారణంగా ఎస్‌ఎండీ లైట్లే ఉంటాయి, వాటికి ఈ పని కుదరదు. తర్వాత స్విచ్చిలను పట్టుకునే లోహపు ప్లేటు చూడండి. స్విచ్చి కూర్చునే 14 మిల్లీమీటర్ల చదరపు రంధ్రానికి పక్కల గాట్లు ఉంటే, లైటు లాగేశాక స్విచ్చి అక్కడే ఉండగా మూత విప్పవచ్చు. గాట్లు లేకపోతే మూత క్లిప్పులకు ప్లేటు అడ్డుపడి అవి తెరుచుకోవు. అలాంటి బోర్డుకు సాకెట్లు వేసినా లైటు మార్చుకోవడం ఒక్కటే లాభం, నూనె రాయడం కుదరదు. ఈ మాట కస్టమరుకు ముందే చెప్పాలి. పని అయ్యాక చెబితే సాకులా వినిపిస్తుంది.

సామాను పెద్దగా అక్కర్లేదు. ఎలక్ట్రానిక్ విడిభాగాల కొట్లో రౌండ్ పిన్ ఐసీ బేసు, లేదా రౌండ్ పిన్ స్ట్రిప్ అడగండి. దాని పిన్నుల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు, చెర్రీ తరహా స్విచ్చిలో ఎల్‌ఈడీ కాళ్ల మధ్య దూరమూ అంతే. ప్లాస్టిక్‌లోంచి పిన్నులను ఒక్కొక్కటిగా తోసి బయటికి తీయాలి. పైన లావుపాటి గొట్టం, కింద సన్నటి తోక ఉంటాయి. తోక బోర్డు రంధ్రంలోకి దిగుతుంది, గొట్టం బోర్డు పైన మిగిలిపోతుంది. అసలు పని ఇక్కడే మొదలవుతుంది. స్విచ్చి కింది డొప్పలో ఎల్‌ఈడీ కాళ్ల కోసం ఉన్న రెండు రంధ్రాలు ఆ గొట్టానికి ఇరుకు. వాటిని పెద్దవి చేయాలి.

గొట్టం లావు కాలిపర్‌తో కొలిచి, అంతకంటే ఒక వెంట్రుకవాసి పెద్ద డ్రిల్ ముక్క తీసుకోండి. కరెంటు డ్రిల్ వద్దు, వేడికి ప్లాస్టిక్ కరిగి అంచు ముద్దకడుతుంది. చేత్తో తిప్పే పిన్‌వైస్ మంచిది. బోర్డు నుంచి ఊడదీసిన స్విచ్చి మూత విప్పి, స్ప్రింగు, నొక్కితే దిగే స్టెమ్ పక్కన పెట్టి, కింది డొప్ప ఒక్కటే చేతిలో ఉంచుకుని తొలవండి. లైటు రంధ్రాలు స్విచ్చి లోహపు కాళ్లకు ఎదురు వైపున ఉంటాయి కాబట్టి లోపలి కాంటాక్టు రేకులకు డ్రిల్ తగలదు. కానీ పొట్టు ఎగిరి రేకుల మధ్య ఇరుక్కుంటుంది. బ్రష్షుతో దులిపి, గాలి ఊది, వెలుతురుకు ఎత్తి చూశాకే మూత వేయండి. ఇంత చిన్న పొట్టే ‘కీ ఒక్కోసారి పడటం లేదు’ అనే ఫిర్యాదుగా తిరిగొస్తుంది.

పాత టంకం తీసేటప్పుడు ముందు కొత్త టంకం కొద్దిగా కలపండి. సీసం లేని పాత టంకం కరగడానికి దాదాపు 217 డిగ్రీలు కావాలి, మామూలు 63/37 టంకం 183కే కరుగుతుంది. రెండూ కలిస్తే పంపు ఒక్క లాగుకే శుభ్రంగా పీలుస్తుంది, ప్యాడ్ బతుకుతుంది. బిగించేటప్పుడు వరుస తప్పకూడదు: సాకెట్లు ముందు, స్విచ్చి తర్వాత. స్విచ్చి కూర్చున్నాక సాకెట్ దాని కిందే ఉండిపోతుంది, వంకరగా ఉంటే మళ్లీ అంతా విప్పాలి. కాళ్లకు టంకం అంటని పనికిరాని ఎల్‌ఈడీ ఒకదాన్ని రెండు సాకెట్లలో గుచ్చి నిలబెట్టి అతికిస్తే వంకర పోదు.

ఇక లైటు. అంచు లేని 3 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ తీసుకోండి. పొడవు కాలు పాజిటివ్. కత్తిరించాక రెండు కాళ్లూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ముందే ఒక వైపు మార్కర్‌తో చుక్క పెట్టండి. బోర్డు మీద ఏ ప్యాడ్ పాజిటివో ఒక్కో తయారీదారు ఒక్కో రకంగా గుర్తు పెడతారు, పాత లైటు తీయకముందే మీటరుతో చూసి రాసుకోండి. కాళ్లు కొంచెం పొడవుగా ఉంటే లైటు ఎత్తుగా నిలిచి కీక్యాప్ దానికి తగులుతుంది. కొద్దికొద్దిగా కత్తిరించి, ప్రతిసారీ గుచ్చి చూడాలి, మరో దారి లేదు. బోర్డులోంచి తీసిన పాత ఎల్‌ఈడీలను మాత్రం సాకెట్‌లో పెట్టకండి. వాటి కాళ్లకు అంటుకున్న టంకం లోపలి స్ప్రింగు వేళ్లను వెడల్పు చేసేస్తుంది, తర్వాత సన్నటి కాలు పెడితే లూజుగా ఆడుతుంది.

రంగు మారితే కరెంటూ మారుతుంది. ఎరుపుకు 2 వోల్టుల చుట్టుపక్కల చాలు, నీలం, తెలుపు 3 పైనే అడుగుతాయి. ఒక్కో లైటుకు విడిగా 470 ఓముల రెసిస్టర్ ఉన్న 5 వోల్టుల బోర్డులో ఎరుపు 6 మిల్లీ ఆంపియర్లకు పైగా తీసుకుంటే, నీలం 4 చుట్టుపక్కలే తీసుకుంటుంది. కాంతి చాలలేదని రెసిస్టర్ తగ్గించే ముందు లెక్క వేయండి: 104 కీలు ఒక్కొక్కటి 5 మిల్లీ ఆంపియర్లు తాగితే 520. యూఎస్‌బీ 2.0 పోర్టు హద్దు 500.

104 కీలంటే 208 సాకెట్లు, 104 డొప్పలు. అన్నిటికీ చేయమని అడిగిన కస్టమరును కూడా నేనైతే తగ్గించుకోమంటాను. క్యాప్స్ లాక్, ఎస్కేప్, ఎంటర్, బాణం కీలు, రోజూ వాడే ఫంక్షన్ కీలు, ఇవి చాలు. రంగు మార్చాలనిపించేది ఎక్కువగా ఇక్కడే. రేటు బోర్డుకు కాదు, కీకి చెప్పండి. ఒక్క కీ చేసి, వెలిగించి చూపించి, ఆ తర్వాతే మిగతావాటికి అడ్వాన్సు తీసుకోండి.

ఆఫీసు స్టిక్కరు ఉన్న కీబోర్డు వస్తే మాత్రం విప్పకుండా వెనక్కి ఇవ్వండి. అది తెచ్చినవాడిది కాదు, కంపెనీది. ఐటీ విభాగం రాతపూర్వకంగా సరేనంటేనే ఐరన్ వేడి చేయండి.