పిల్లలెందరు? సర్కారు చేయవలసింది, మనం చేయవలసింది



“నారు పోసినవాడు నీరు పోయడా” అని మన పెద్దలు అనేవారు. పిల్లలనిచ్చిన దేవుడే సాకుతాడని దాని అర్థం. ఈ మాట విని నవ్వే చదువుకున్నవాళ్ళు ఉన్నారు. కాని దాని వెనుక పేద ఇంటి లెక్క ఒకటి ఉంది. ముందు ఆ లెక్క తెలుసుకుందాం.

పెద్ద కుటుంబం ఎందుకు ఉండేది?

1971లో మన దేశంలో పుట్టిన ప్రతి 1,000 మంది పిల్లలలో 129 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. ఐదుగురిని కంటే ఎందరు దక్కుతారో తల్లికి తెలియదు. చేనులో కలుపు తీయడానికి, పశువులు కాయడానికి చేతులు కావాలి. ముసలితనంలో కొడుకు తప్ప వేరే దిక్కు లేదు. కనుక ఎక్కువమందిని కనడం తెలివి లేక కాదు, రేపటి మీద ధైర్యం లేక.

సర్కారు ఏం చేసింది?

1952లో మన దేశం కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా మొదలుపెట్టింది. ప్రపంచంలో ఇదే మొదటిది. ఎర్ర త్రికోణం గుర్తు ఊరూరా గోడలకెక్కింది. కాని 1976-77లో ఎమర్జెన్సీ సమయాన తొందర పడ్డారు. ఆ ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో ఎక్కువ మంది మగవారే. చాలాచోట్ల బలవంతం చేశారు. జనం హడలిపోయారు. 1977లో కార్యక్రమం పేరే “కుటుంబ సంక్షేమం” అని మార్చవలసి వచ్చింది. మగవారి ఆపరేషన్ అంటే ఆనాడు పుట్టిన భయం ఈనాటికీ పూర్తిగా పోలేదు.

చట్టాలు కూడా స్థిరంగా ఉండవు. ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలున్నవారు పంచాయతీ ఎన్నికల్లో నిలబడరాదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994లో చట్టం వచ్చింది. అదే నిబంధనను 2024లో ఆంధ్రప్రదేశ్ తీసివేసింది. చైనాలో 1980 ప్రాంతంలో ఒక్కరే చాలన్నారు, 2016 నుంచి ఇద్దరిని కనవచ్చన్నారు. సర్కారు మాట మారవచ్చు. పుట్టిన బిడ్డను పెంచేది మాత్రం మీరే.

భయం పోగొట్టినవి ఏవి?

బిడ్డ దక్కుతాడా అనే భయానికి టీకాలు, ఆసుపత్రి కాన్పులు జవాబిచ్చాయి. 2020 నాటికి తెలంగాణలో ఏడాది లోపు శిశు మరణాలు 1,000కి 21కి తగ్గాయి.

కడుపు నిండుతుందా అనే భయానికి 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం కొంత ఆసరా అయింది. 2006లో ఉపాధి హామీ పని మొదలైన తొలి 200 జిల్లాల్లో మన వరంగల్ ఒకటి. ఆ పనిలో ఆడ, మగ తేడా లేకుండా ఒకే కూలి రేటు పెట్టారు.

ముసలితనంలో ఎవరు చూస్తారనే భయానికి పింఛను ఉంది. 2014లో ఆసరా పింఛను నెలకు 1,000 రూపాయలు చేశారు, 2019లో 2,016కు పెంచారు. అది కొడుకు ప్రేమకు సాటి రాదు. కాని మందుల ఖర్చుకు చేయి చాచకుండా చేస్తుంది.

ఆడపిల్లకు త్వరగా పెళ్లి చేసే తొందరకు 1978 చట్టం 18 ఏళ్ళ గీత గీసింది. 2014లో వచ్చిన కళ్యాణలక్ష్మి సాయానికి కూడా పెళ్లికూతురికి 18 ఏళ్ళు నిండాలని షరతు పెట్టారు.

1971 ప్రాంతంలో దేశంలో ఒక్కో తల్లికి సగటున ఐదుగురు పిల్లలు. 2019-21 సర్వే నాటికి తెలంగాణలో ఆ సగటు 1.8.

మనం చేయవలసింది ఏమిటి?

నాలుగెకరాల పత్తి చేను ఉందనుకోండి. ఇద్దరు పిల్లలైతే తలా రెండెకరాలు. నలుగురైతే తలా ఎకరం. చేను పంచవచ్చు, బోరును పంచలేం, అప్పును పంచితే తగ్గదు. ఈ లెక్క చాలామందికి తెలిసిందే. ఇక్కడ ఇంకో లెక్క ఉంది. తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్ళలో నూటికి 60 మందికి పైగా ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవారు చాలా కొద్దిమంది. కాన్పు ఆమెదే, కోత కూడా ఆమెకేనా?

మగవారి ఆపరేషన్ చిన్నది. కడుపు కోయరు. కత్తి లేని పద్ధతిలో కుట్లు కూడా ఉండవు. రెండు రోజులు విశ్రాంతి, వారం పాటు బరువు పని మానితే చాలు. మగతనం పోదు, బలం తగ్గదు. అయితే మూడు నెలల దాకా నిరోధ్ వాడి, తరువాత వీర్యపరీక్ష చేయించుకోవాలి. అది మరిస్తే గర్భం రావచ్చు.

ఇంకా పిల్లలు కావాలనుకునేవారు ఆపరేషన్‌కు తొందరపడవద్దు. కాన్పయ్యాక కనీసం రెండేళ్ళు ఆగి మళ్ళీ గర్భం దాలిస్తే తల్లి ఒంట్లో రక్తం కోలుకుంటుంది, చంటిబిడ్డకు పాలు దక్కుతాయి. అందుకు కాపర్-టి, మాలా-ఎన్ మాత్రలు, మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు, నిరోధ్ ఉన్నాయి. ఇవి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. ఏది ఎవరికి సరిపడుతుందో నర్సమ్మను, డాక్టరును అడగండి.

ఆపరేషన్‌కు ఇచ్చే సొమ్ము పోయిన కూలి కోసం, అది బిడ్డల ధర కాదు. ఎవరో చెప్పారని సంతకం పెట్టవద్దు. అర్థం కాకపోతే రెండోసారి అడగండి, అడగడం మీ హక్కు.

ఈ రాత్రి ఇద్దరూ మాట్లాడుకోండి

1. మనకు పిల్లలు ఎందరు కావాలి? ఎప్పుడు? ఆమె మాట ఏమిటి?
2. ఆడపిల్లే పుట్టిందని మళ్ళీ మళ్ళీ కాన్పులు కావాలా?
3. ఇప్పుడు ఎవరు, ఏ పద్ధతి వాడాలి?
4. మనకు రావలసిన పింఛను, రేషను, టీకాలు అన్నీ అందుతున్నాయా?

నాలుగో ప్రశ్నకు “లేదు” అని జవాబు వస్తే అది మీ తప్పు కాదు. పంచాయతీలో అడగండి. మొదటి మూడింటికి జవాబు మాత్రం మీ ఇంట్లోనే దొరకాలి. సందేహం ఉంటే ఇద్దరూ కలిసి రండి. ఆశా అక్కకు చెప్పినా తోడు వస్తుంది.