కారు అడుగున పాత పట్ట

రాత్రి ఏడున్నర అయింది. అక్కలందరూ పలకలు, పుస్తకాలు తీసుకొని కేంద్రానికి వచ్చారు. ఒక అక్క మాత్రం ఆలస్యంగా వచ్చింది. ఆమె చంకలో చాప చుట్టినట్టు చుట్టిన ఒక నల్లటి పట్ట ఉంది. దాన్ని గడప దగ్గర దబ్బున వేసింది. దుమ్ము లేచింది. ముందు వరుసలో కూర్చున్న అవ్వ దగ్గింది.

"ఏందక్కా అది?" అని అడిగాను.

"కారులోని పట్ట టీచరమ్మా. మా ఇంటాయన షెడ్డులో పాత అంబాసిడర్ కారు విప్పుతాండాడు. అడుగున పరిచింది ఇది. పారేస్తామంటే నేనే తెచ్చినా. మెత్తగ ఉండాది. ఈడ కింద కూర్చునేకి పనికొస్తాది కదా! ఇంకో ముక్క దూడ కింద వేసినా."

ఆమెది మంచి మనసు. చలికాలం బండ మీద కూర్చుంటే కాళ్ళు లాగుతాయని అందరి కోసం తెచ్చింది. కానీ ఆ పట్ట లోపల ఏముందో మాకెవరికీ తెలియదు. ఆ రోజు పాఠం పక్కన పెట్టి దాని గురించే మాట్లాడుకున్నాం. నాకు అప్పుడు తెలిసింది కొంచెమే. మిగతాది తరువాత చదివి తెలుసుకున్నాను. అదంతా ఇక్కడ రాస్తున్నాను.

కారులో పట్ట ఎందుకు వేస్తారు?

ఇంట్లో ఒక స్టీలు తట్ట తీసుకోండి. ఒక చేత్తో అంచు పట్టుకొని చెంచాతో కొట్టండి. ఖంగుమని మోగుతుంది. ఇప్పుడు తట్ట వెనక అరచెయ్యి ఆనించి కొట్టండి. టక్కుమంటుంది, అంతే. మోగదు. రేకు వణికితేనే శబ్దం వస్తుంది. మెత్తనిది, బరువైనది ఏదైనా రేకుకు అతుక్కొని ఉంటే ఆ వణుకు ఆగిపోతుంది.

కారు అంటే పెద్ద రేకు డబ్బా. ఇంజను తిరిగితే వణుకుతుంది. గుంతల రోడ్డులో పోతే వణుకుతుంది. మన రోడ్ల సంగతి మీకు చెప్పేదేముంది! అందుకని కారు అడుగు రేకు మీద తారు పట్ట అతికిస్తారు. దాని మీద జనపనార, పాత గుడ్డల పీచు కలిపి ఒత్తిన మెత్తటి పట్ట పరుస్తారు. దీన్ని ఫెల్టు అంటారు. దాని మీద రబ్బరు మ్యాటు వేస్తారు. మన అక్క తెచ్చింది ఆ ఫెల్టు పట్ట. కింద అక్కడక్కడ తారు ముక్కలు అంటుకొని ఉన్నాయి.

తారు పట్ట ఎంత బరువుంటే అంత బాగా శబ్దాన్ని ఆపుతుంది. బరువు కోసం తారులో రాతిపొడి కలుపుతారు. కొన్నిటిలో సున్నపురాయి పొడి, కొన్నిటిలో ముగ్గురాయి పొడి ఉంటుంది. ముగ్గురాయి అంటే మన కడప పక్క వాళ్ళకు చెప్పనక్కర లేదు. ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ప్రపంచంలోనే పేరున్న పెద్ద గని ఉంది. చెంబెడు నీళ్ళు ఒక కిలో తూగితే, అంతే చోటు పట్టే ముగ్గురాయి నాలుగు కిలోలకు పైనే తూగుతుంది. అందులో ఎక్కువ భాగం చమురు బావులు తవ్వే చోటికి పోతుంది. కొంత రంగులలోకి, రబ్బరులోకి, ఇట్లాంటి పట్టలలోకి పోతుంది.

ముగ్గురాయితో మనకు పెద్ద తగాదా లేదు. భయం ఇంకో రాయితో. అది కూడా మన కడప నేలలో ఉన్నదే.

రాతినార

పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె ఉంది. ఆ పక్క కొండల్లో ఆకుపచ్చ రాయి మధ్యలో తెల్లటి పోగులు కనబడతాయి. పట్టులాగ మెరుస్తాయి. గోటితో గీకితే దూదిలాగ విడిపోతాయి. రాయే, కానీ నార! అందుకే రాతినార అన్నారు. ఇంగ్లీషు పేరు ఆస్బెస్టాస్.

ఇది నిప్పుకు కాలదు. వేడిని ఆపుతుంది. గట్టిది, చవక. అందుకని దీన్ని ఎక్కడ పడితే అక్కడ వాడారు. ఇంటి పైకప్పు రేకులలో వాడారు. బండ్ల బ్రేకు లైనర్లలో, క్లచ్చి ప్లేట్లలో వాడారు. ఇంజను వేడి లోపలికి రాకుండా పెట్టే అట్టలలో వాడారు. కొన్ని పాత కార్లలో శబ్దం ఆపడానికి పూసే తారులో కూడా కలిపారు.

కష్టం ఎక్కడ వచ్చిందంటే, దీని దుమ్ములో. రాతినార పోగు వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. గాలిలో తేలుతుంది. కంటికి ఆనదు. వాసన ఉండదు. ముక్కులో మంట పుట్టదు. ఊపిరితో లోపలికి పోయి ఊపిరితిత్తుల్లో గుచ్చుకొని ఉండిపోతుంది. రాయి కదా, అరగదు, కరగదు. ఇరవై ఏండ్లకో ముప్పై ఏండ్లకో జబ్బుగా బయట పడుతుంది. ఊపిరితిత్తులు గట్టిపడి ఆయాసం వస్తుంది. కొందరికి క్యాన్సర్ వస్తుంది. బీడీ తాగేవాళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది. రాతినారలో ఏ రకమైనా క్యాన్సర్ తెచ్చేదే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

ఇంకొక మాట చదివినప్పుడు నా గుండె ఝల్లుమంది. 1965లో లండన్‌లో డాక్టర్లు ఒక విషయం బయట పెట్టారు. రాతినార పని చేసిన వాళ్ళకే కాదు, ఆ ఇళ్ళలోని వాళ్ళకు కూడా ఊపిరితిత్తుల పైపొర క్యాన్సర్ వచ్చింది. ఇంట్లో ఉన్న ఆడవాళ్ళకు ఎట్లా వచ్చింది? వాళ్ళు మగవాళ్ళ పని బట్టలు దులిపి ఉతికారు. అంతే.

మన దేశంలో రాతినార గనులకు కొత్త లీజులు ఇవ్వడం 1986లో ఆపారు. 1993లో పాత లీజులు పొడిగించడం కూడా ఆపమన్నారు. 1995 జనవరిలో సుప్రీం కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. రాతినార ఫ్యాక్టరీల కూలీల ఆరోగ్య వివరాలు పనిలో చేరినప్పటి నుండి 40 ఏండ్ల దాకా, లేదా పని మానిన తరువాత 15 ఏండ్ల దాకా, ఏది ఎక్కువైతే అంత కాలం దాచాలని చెప్పింది. జబ్బు ఎంత ఆలస్యంగా వస్తుందో కోర్టుకు తెలుసు. కానీ రోడ్డు పక్క షెడ్డులో ఇద్దరు పిల్లగాళ్ళను పెట్టుకొని పని చేసే మెకానిక్ వివరాలు ఎవరు దాస్తారు? మనమే చూసుకోవాలి.

ఇంతకీ అక్క తెచ్చిన పట్టలో రాతినార ఉందా? అందరూ నన్ను ఇదే అడిగారు. నేను ఉందని అనలేదు, లేదని అనలేదు. కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. ల్యాబులో సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తేనే తెలుస్తుంది. తెలియనప్పుడు ఉన్నట్టే అనుకొని పని చేయాలి.

పట్ట ఎట్లా తీయాలి?

అసలు తీయడం ఎందుకు? వాన నీళ్ళు తలుపు సందుల్లో దిగి ఫెల్టులో నిలుస్తాయి. పైకి ఆరినట్టే ఉంటుంది. కింద రేకు తుప్పు పట్టి చిల్లు పడుతుంది. ముక్క వాసన వస్తుంది. అంబాసిడర్ కార్లు తయారు చేయడం 2014లో ఆగిపోయింది. ఇప్పుడు మన పక్క తిరిగేవన్నీ పాతవే. రేకు బాగు చేయాలంటే పట్ట తీయక తప్పదు. కానీ తారు పట్ట గట్టిగా అతుక్కొని, చెదరకుండా ఉంటే దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. ఊరికే ఉన్నదాన్ని గీకి దుమ్ము చేయడం ఎందుకు? తుప్పు పట్టిన చోట వరకే తీయమనండి. ఇంజను వైపు గోడకు తెల్లగా, బూడిద రంగులో పీచు అట్ట ఉంటే దాని జోలికి అసలు పోవద్దు.

తీయక తప్పనప్పుడు మొదటి పని నీళ్ళు. తడిసిన దుమ్ము లేవదు. బట్టలు ఇస్త్రీ చేసేవాళ్ళు నీళ్ళు చల్లే సీసా ఉంటుంది కదా, అది చాలు. నీళ్ళలో కొంచెం సబ్బు కలిపితే పట్టలోకి బాగా ఇంకుతాయి. చేనుకు మందు కొట్టే పంపు మాత్రం వాడొద్దు. దాన్ని ఎంత కడిగినా మందు ఉండనే ఉంటుంది. ఒక దుమ్ము తప్పించుకోబోయి ఇంకో విషం మీద వేసుకున్నట్టు అవుతుంది.

కారును చెట్టు కింద, బయట పెట్టి తలుపులన్నీ తెరవాలి. బ్యాటరీ వైరు తీసేయాలి. సీట్లు విప్పి పక్కన పెట్టాలి. ఫెల్టును తడిపి మెల్లగా చుట్టుకుంటూ తీయాలి. చింపకూడదు, దులపకూడదు.

తారు పట్టతో చాలా పేచీ ఉంది. మన ఎండలకు మధ్యాహ్నం అది బంక అవుతుంది. గీకితే సాగుతుంది కానీ ఊడి రాదు. తెల్లవారుజామున చలికి కొంచెం గట్టిపడుతుంది. పని అప్పుడే పెట్టుకోవాలి. ప్లాస్టిక్ సంచిలో ఐసు ముక్కలు వేసి పట్ట మీద పావుగంట పెడితే ఇంకా మేలు. లప్పం పెట్టే రేకును అంచు కింద దూర్చి లేపితే పెచ్చులుగా వస్తుంది. ఇతర దేశాల్లో దీనికి పొడి మంచు వాడతారు. అది మామూలు ఐసు కాదు, గడ్డ కట్టిన గ్యాసు. మూసిన కారులో పెడితే ఊపిరి ఆడదు. చేతికి తగిలితే చర్మం కాలినట్టు అవుతుంది. మనకు మామూలు ఐసు చాలు.

కొందరు మెకానిక్‌లు గ్యాసు మంట పెట్టి తారు కరిగిస్తారు. కారులో పెట్రోలు ఉంటుందని వాళ్ళకు తెలియదా? తెలుసు. పని తొందర. తారు పొగ కూడా మంచిది కాదు. ఇంక గ్రైండరు పెట్టి రుద్దడం, కంప్రెసర్ గాలితో ఊదడం అన్నిటికంటే చెడ్డవి. పిల్లగాడు పైపు పట్టుకొని ఒక్కసారి ఊదితే షెడ్డంతా దుమ్మే. బ్రేకు డ్రమ్ము శుభ్రం చేసేటప్పుడు రోజూ జరిగేది ఇదే. తడిగుడ్డతో తుడిస్తే పోయేదానికి గాలి ఎందుకు?

ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే సరిపోతుందా అని ఒక అక్క అడిగింది. సరిపోదు. కరోనా కాలంలో కట్టుకున్న గుడ్డ మాస్కు కూడా సరిపోదు. అంత సన్నటి పోగు వాటిలో దూరిపోతుంది. ముఖానికి గట్టిగా అతుక్కునే ఫిల్టరు మాస్కు కావాలి. అది లేకపోతే ఆ పని ఒప్పుకోవద్దని నేనంటాను. కూలి పోతుందని కోపం వస్తుంది. రానీ.

ఇంటికి వచ్చిన తరువాత

ఇక్కడి నుండి మన పని. షెడ్డు బట్టలు షెడ్డులోనే విడిచి, వేరే బట్టలు కట్టుకొని రమ్మని చెప్పండి. ఇంటికి తెస్తే గుమ్మం బయటే బకెట్టు నీళ్ళలో ముంచేయండి. దులపొద్దు. బండకేసి బాదొద్దు. పిల్లల బట్టలతో కలపొద్దు. స్నానం చేయకుండా బిడ్డను ఎత్తుకోవద్దని మొగుడికి చెప్పడానికి మొహమాటం ఎందుకు?

రాలిన దుమ్మును పరకతో ఊడ్చవద్దు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కూడా పారేయాలి.

దగ్గు పట్టి రెండు వారాలైనా తగ్గకపోతే టీబీ అనుకొని భయపడతాం. పరీక్ష చేయించుకోవాల్సిందే. అప్పుడు డాక్టరుకు ఇంకో మాట కూడా చెప్పాలి. "మా ఆయన ఇన్ని ఏండ్లు బ్రేకుల పని చేశాడు, పాత కార్లు విప్పాడు" అని చెప్పాలి. డాక్టర్లు అడగరు. మనమే చెప్పాలి. గనిలో పని చేసిన వాళ్ళు, పైకప్పు రేకులు కోసే వాళ్ళు కూడా చెప్పాలి.

ఆ రాత్రి మేము గడప దగ్గరున్న పట్ట మీద చెంబుతో నీళ్ళు చల్లాం. మెల్లగా ఒక మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, దాన్ని ఇంకో సంచిలో పెట్టి మూతి కట్టాం. గడప తడిగుడ్డతో తుడిచాం. అక్క ఇంటికి పోయి దూడ కింది ముక్క కూడా తడిపి తీసింది. దూడకు శెనక్కాయ పొట్టు పరిచింది. తెల్లవారి షెడ్డులో మిగిలిన పట్టలను కూడా మొగుడితో అట్లాగే కట్టించింది. వాటిని వంకలో వేయకుండా, కాల్చకుండా మునిసిపాలిటీ వాళ్ళను అడిగి ఇవ్వాలి. వాళ్ళు వచ్చేదాకా ఒక మూల పెట్టారు.

వారం తరువాత అక్క పలక పట్టుకొని నా దగ్గరకు వచ్చింది.

"టీచరమ్మా, సంచి మీద రాయాల. లేకుంటే పాత సామాను వాడు వచ్చి విప్పుతాడు. 'విప్పవద్దు' అని రాసేకి 'ప' కింద ఏం వత్తు పెట్టాల?"

"ప వత్తే అక్కా. ప కు ప వత్తు."

ఆమె పలక మీద మూడుసార్లు రాసి చూసుకుంది. తరువాత అట్టముక్క మీద బొగ్గుతో పెద్ద అక్షరాలు రాసింది.

విప్పవద్దు. దుమ్ము ఉంది.

మొగుడు దాన్ని చదివి, కింద "కాల్చవద్దు" అని కూడా రాయమన్నాడంట. "ల్చ" ఎట్లా రాయాలో అడగడానికి ఆమె మళ్ళీ వచ్చింది.