గోమార్ల మందు ముందు గోడకు కొట్టండి

ఈ పుష్యమి కార్తెలో నన్ను కలవరపెడుతున్నది పంట పురుగు కాదు, పెరట్లో కట్టేసిన ఆవు. వాన రెండు రోజులు పడి వారం రోజులు తెరిపి ఇస్తోంది. నేల తడి ఆరదు, ఉక్క తగ్గదు. గోమార్లకు (కొన్ని జిల్లాల్లో పిడుదులు అంటారు) ఇంతకన్నా అనువైన వాతావరణం లేదు. జెర్సీ, హెచ్.ఎఫ్. సంకర ఆవులున్న ఇళ్లవాళ్లు మరీ జాగ్రత్త పడాలి. ఒంగోలు జాతికి గోమార్లను తట్టుకునే శక్తి పుట్టుకతోనే కొంత ఉంటుంది, గేదెలకూ బెడద కాస్త తక్కువే. సంకర ఆవుకు ఆ రక్షణ లేదు.

చాలామంది చేస్తున్న పొరపాటు ఒకటే. పొదుగు చుట్టూ, తోక కింద, చెవుల్లో, గంగడోలు మడతల్లో పట్టుకున్నవి కనపడగానే మందు తెచ్చి ఆవుకు కొడతారు. అవి రాలిపోతాయి. మూడు వారాలకు మళ్లీ అంతే ఉంటాయి. మందు పనిచేయలేదని ఇంకో సీసా కొంటారు. కొట్టంలో ఏం జరుగుతోందో మాత్రం చూడరు. రక్తం తాగి బఠాణీ గింజంత ఉబ్బిన ఆడ గోమారి తనంతట తానే కిందికి రాలి గోడ పగుల్లోకో, గాటి కిందికో, పేడకుప్ప పక్కకో చేరుతుంది. అక్కడ రెండు మూడు వేల గుడ్లు పెట్టి చస్తుంది. వానాకాలపు ఉక్కలో సుమారు మూడు వారాలకు అవి పొదిగి, ఆవగింజకన్నా చిన్న పిల్లలు గడ్డి కొసలకు, గోడలకు ఎక్కి పశువు కోసం కాచుకుంటాయి. మీ కంటికి ఆవు మీద కనిపించేది ఆ మందలో కొద్ది భాగమే. మిగతాదంతా నేలలో, గోడలో ఉంది.

అందుకే పని కొట్టంతో మొదలుపెట్టండి. గోడ పగుళ్లను సిమెంటుతోనో మట్టితోనో పూడ్చి సున్నం వేయండి. పాత గోనెసంచులు, విరిగిన తడికలు, మూలన పోగేసిన చెత్త తీసేయండి. కొట్టం చుట్టూ పెరిగిన గడ్డి, వయ్యారిభామ కోసి ఎండ నేలకు తగిలేలా చేయండి. పేడకుప్పను కొట్టానికి ఆనించి వేయకండి. ఇదంతా చేయకుండా ఏ మందు కొట్టినా దండగే.

ఆ తర్వాత వేప. వేపగింజల పప్పు అర కిలో దంచి, పలచటి గుడ్డలో మూటకట్టి, పది లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున మూటను పిండి, వడకట్టి, కొద్దిగా సబ్బు కలిపితే ఐదు శాతం కషాయం సిద్ధం. గింజలు దొరకకపోతే లీటరు నీటికి 20 నుంచి 30 మిల్లీలీటర్ల వేపనూనె వాడుకోవచ్చు. ముందు నూనెలో సబ్బునీళ్లు వేసి పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టి, అప్పుడు మిగతా నీళ్లు పోయండి. లేకపోతే నూనె పైన తేలి, నాజిల్‌లోంచి ఉత్త నీళ్లే వస్తాయి. గోడల పగుళ్లు, గాడి అంచులు, గుంజల మొదళ్లు, కొట్టం చుట్టూ రెండు మూడు అడుగుల నేల తడిసేలా సాయంత్రం కొట్టండి. వేపలోని అజాడిరాక్టిన్ ఎండకు త్వరగా పాడైపోతుంది, క్షారానికీ నిలవదు. కాబట్టి సున్నం వేసిన రోజే వేప కొట్టకండి, రెండూ కలిపి అసలే కొట్టకండి.

పశువు ఒంటికి జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ సంప్రదాయ పశువైద్యం కింద ప్రచారం చేస్తున్న మిశ్రమం ఉంది. వెల్లుల్లి పది రెబ్బలు, వేపాకు గుప్పెడు, వేపకాయలు గుప్పెడు, వసకొమ్ము 10 గ్రాములు, పసుపు 20 గ్రాములు, తులసి ఆకు గుప్పెడు, లాంటానా ఆకు గుప్పెడు. పొలం గట్ల మీద రంగురంగుల పూలతో గుబురుగా పెరిగే ఆ లాంటానాను మన ఊళ్లలో పులికంప, గాజుకంప అంటారు. అన్నీ మెత్తగా నూరి లీటరు నీళ్లలో కలిపి, గుడ్డలో వడకట్టి ఒళ్లంతా పిచికారీ చేయాలి, లేదా గుడ్డ ముంచి రుద్దాలి. ముసురులో కాకుండా ఎండ బాగా ఉన్న వేళ చేయండి. కళ్లలో పడనివ్వకండి. పాలు పితికాక పూయండి, మళ్లీ పితికే ముందు పొదుగు శుభ్రంగా కడగండి. పులికంప ఆకు పశువు తింటే కాలేయం చెడుతుంది, నూరగా మిగిలిన పిప్పిని గాట్లో పడేయకండి.

వేప తాకగానే గోమారి చచ్చి పడుతుందని ఆశించకండి. అది మేత మాన్పిస్తుంది, పొర విడవనీయదు, గుడ్లను చెడగొడుతుంది. ఫలితం నెమ్మదిగా కనిపిస్తుంది. వారానికోసారి, కనీసం ఆరు వారాలు, ఒంటికీ కొట్టానికీ ఒకే రోజు చేయాలి. ఏ వారానికా వారం కొత్తగా నూరుకోవాలి. రెండు వారాలు చేసి మానేసేవాళ్లు మొదలుపెట్టకపోవడమే మేలు.

ఇక దుకాణాల సంగతి. ‘నూరు శాతం హెర్బల్, ఒక్క పిచికారీతో మూడు నెలలు’ అని అట్ట మీద రాసి ఉంటే ఆ సీసా అక్కడే పెట్టేయండి. మొక్కల మందు ఏదైనా కొద్దిరోజుల్లో విరిగిపోతుంది, మూడు నెలలు నిలవదు. పంటల కోసం తయారైన 1500 పీపీఎం వేప మందును పశువు ఒంటికి కొట్టమని చెప్పే డీలరు మాట నమ్మకండి. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్‌లకు లొంగని గోమార్లు మన దేశంలో చాలాచోట్ల తయారయ్యాయి. మోతాదు రెట్టింపు చేయమనేవాడు వాటిని ఇంకా పెంచుతున్నాడు. పాలిచ్చే ఆవుకు ఐవర్‌మెక్టిన్ సూది వేయించకండి, ఆ మందు పాలలోకి వస్తుంది, ఆ పాలు మీ పిల్లలే తాగుతారు. పత్తికి తెచ్చిన మోనోక్రోటోఫాస్‌ను ఆవుకు పూసే అలవాటు కొన్ని ఊళ్లలో ఇంకా పోలేదు. ఇది ఎన్నిసార్లు చెప్పించుకుంటారు? పశువు ఒళ్లు నాకుతుంది, చస్తుంది. కలుపు మందు కొట్టిన పంపునూ వేప కషాయానికి వాడకండి.

మొక్కలదైతే ఏదైనా మంచిదే అనుకోవడమూ ప్రమాదమే. పొగాకు కషాయంలోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది, దాన్ని దూడలకు అసలు వాడొద్దు. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే కన్ను తీవ్రంగా దెబ్బతింటుంది, దాని జోలికి పోకండి.

వాకిట్లో పడుకునే కుక్క మీది గోమారి వేరే జాతి. అది గోడలెక్కి అరుగు పగుళ్లలో, తలుపు చెక్కల వెనక దాక్కుంటుంది. కుక్క పడుకునే చోటే వేప కషాయం కొట్టండి, దాని చెవుల్లో, కాలివేళ్ల మధ్య రోజూ వెతకండి. నాటుకోళ్లు పెరట్లో తిరుగుతూ గోమార్లను ఏరి తింటాయి, వాటిని తిరగనివ్వండి. రసాయన మందు కొట్టిన చోటికి మాత్రం రానివ్వకండి.

ఉబ్బిన గోమారిని వేళ్ల మధ్య చిదమకండి. 2011లో గుజరాత్‌లో మనుషుల ప్రాణాలు తీసిన కాంగో జ్వరం గోమార్లు మోసుకొచ్చే రోగమే. చేతికి తొడుగు వేసుకుని, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, నిటారుగా లాగి సబ్బునీళ్లలో వేయండి. కిరసనాయిలు, కాలిన ఇంజనాయిలు పూయకండి.

ఆవుకు 104 డిగ్రీలు దాటిన జ్వరం, భుజం ముందు గడ్డ వాపు, కాఫీ రంగు మూత్రం, పాలిపోయిన కంటిపొరలు, వీటిలో ఏది కనిపించినా ఆకులు నూరుతూ కూర్చోకండి. అది గోమార్ల వల్ల వచ్చే థైలేరియా గానీ బెబీసియా గానీ కావచ్చు. రక్తపరీక్షతో ఏ రోగమన్నది తేలుతుంది, దేని మందు దానికే ఉంది. అదే రోజు పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. రెండు నెలలు దాటిన సంకర దూడలకు థైలేరియా టీకా గురించి మీ పశువైద్యుణ్ని అడగండి. సంత నుంచి తెచ్చిన పశువును రెండు వారాలు వేరుగా కట్టేయండి.

ఇక ఈ కార్తెలో మిగతా పనులు. గొర్రెలకు చిటుకు రోగం టీకా ఇంకా వేయించనివాళ్లు ఈ వారమే వేయించండి. వరిలో ముదిరిన నారు నాటేవాళ్లు కొసలు తుంచి నాటండి, కాండం తొలుచు పురుగు గుడ్లు వాటితోనే పోతాయి. పత్తిలో ఆకుకు రెండు పచ్చదోమ పిల్లపురుగులు కనిపించేదాకా ఎవరేం చెప్పినా మందు కొనకండి.